రెండో పిలుపు

ముదురెరుపు గౌను లోపల వీపంతా చెమట. పైనుంచి కొట్టే ఏసీ గాలికి మెడ మాత్రం బిగుసుకుపోతోంది. మనీలాలో అభిశంసన విచారణ మొదలైనప్పటినుంచీ సెనేటర్ ఫెలిసిడాద్ మగ్బానువాకు ఇదే వరస. మామూలు రోజుల్లో ఆమె చట్టాలు చేసే మనిషి, విచారణ రోజుల్లో తీర్పు చెప్పే మనిషి. సభ అదే, కుర్చీ అదే, పక్క కుర్చీలో కునికిపాట్లు పడే ముసలాయన కూడా ఆయనే. గౌను ఒక్కటే అదనం. అది తొడుక్కోగానే రాజకీయాలు ఒంటినుంచి జారిపోతాయని నిబంధనల్లో రాసుకున్నారు. రాసుకోవడానికేం, ఎన్నయినా రాసుకోవచ్చు.

డెబ్భై దాటిన మనిషికి మధ్యాహ్నంపూట కాసేపు నడుం వాల్చాలనిపించడం పాపం కాదు. అయితే ఫెలిసిడాద్ అలసట వయసువల్ల వచ్చింది కాదు. ఎదురుగా నిందితుడి బల్ల దగ్గర కూర్చున్న మనిషివల్ల వచ్చింది.

అతని పేరు డొమింగో ఎస్కరిల్యా. తుఫాను పునర్నిర్మాణ సంఘానికి అధ్యక్షుడు. అంత పెద్ద పదవిలో ఉన్నవాణ్ణి మామూలు కోర్టులు కదపలేవు, ప్రభుత్వం ఇంటికి పొమ్మనలేదు. కింది సభ అభియోగాలు రాసి పంపాలి, పై సభ కూర్చుని విచారించాలి. ఏడు అభియోగాలు పంపారు. వాటిలో ఒక్కదానిమీద దోషి అని తేలినా పదవి ఊడుతుంది. వార్తల్లో అందరూ అతన్ని 'నిందితుడు ఎస్కరిల్యా' అంటున్నారు. ఫెలిసిడాద్‌కు అలా అనడానికి నోరు తిరగడం లేదు. ఆమెకు అతను కుంపారె.

ఆమె ఒక్కగానొక్క కొడుకు నోనోయ్‌ని బాప్టిజంనాడు చేతుల్లో పట్టుకున్న జ్ఞానతండ్రి డొమింగ్. ఆ రోజునుంచి అతను ఆమెకు కుంపారె, ఆమె అతనికి కుమారె. ఈ దీవుల్లో ఆ చుట్టరికం రక్తసంబంధం కన్నా ఒక పిసరు ఎక్కువే. సొంత అన్నదమ్ములతో గట్టు తగాదా పడి మాటలు మానేసినవాళ్ళు వీధికొకరు దొరుకుతారు. కుంపారెతో మానేసినవాళ్ళు అరుదు. పైగా ఆమె భర్త పక్క దీవిలో గుండె ఆగి చనిపోయిన రోజున సముద్రం పొంగుతోంది, పడవవాళ్ళెవరూ కదలమన్నారు. డొమింగే చుక్కాని పట్టుకుని శవాన్ని ఇంటికి తెచ్చాడు. శ్మశానందాకా పెట్టెకు భుజం ఇచ్చాడు. ఆ తరువాత ఎన్నడూ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆమెకు ఇంత బరువు ఉండేది కాదేమో.

విచారణకు ప్రమాణం చెయ్యాల్సిన రోజు ఉదయమే ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. చుట్టరికం ఉంది కాబట్టి తీర్పులో కూర్చోకుండా తప్పుకుంటుంది. మర్యాద తెలిసినవాళ్ళు ఇలాంటప్పుడు చేసే పని అదే. ఆ మర్యాదకు ఇక్కడ డెలికదేసా అని ముద్దుపేరు. ఎవరన్నా దాన్ని పాటిస్తే పత్రికలు మెచ్చుకుంటాయి, పాటించని మిగతావాళ్ళు చప్పట్లు కొడతారు.

ఆ మాటే తన కార్యాలయంలో న్యాయ సలహాదారు ఇన్ఫాంటెతో చెప్పింది. ఇన్ఫాంటె నలభై అయిదేళ్ళ లాయరు, ఆమె దగ్గర చాలా కాలంగా పనిచేస్తున్న మనిషి. అల్లం కషాయం గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని ఊదుకుంటూ విన్నది.

"మంచిదే మేడమ్. మీరు తప్పుకుంటున్నట్టు ప్రకటన నేనే రాస్తాను. కాకపోతే దానికింద, ఎస్కరిల్యా గారు నిర్దోషి అని నా అభిప్రాయం అని కూడా చేర్చమంటారా?"

"అదేం మాట? నేను అటూ ఇటూ కాకుండా పక్కకు జరుగుతున్నాను."

"పక్కకంటూ చోటెక్కడుంది? దోషి అని తేలాలంటే మూడింట రెండు వంతులు కావాలి. వచ్చినవాళ్ళలో కాదు, మొత్తం సభ్యుల్లో. ఇరవై నలుగురికి పదహారుమంది నోరు తెరిచి దోషి అనాలి. మీరు తప్పుకున్నా, ఆస్పత్రిలో పడుకున్నా, సభలో మీ పక్కాయనలాగా కూర్చున్నచోటే నిద్రపోయినా, అది ఎస్కరిల్యా గారికే మేలు. మౌనం అర్ధాంగీకారం అంటారు చూశారా, ఇక్కడ పూర్తి అంగీకారం."

ఫెలిసిడాద్‌కు ఈ లెక్క తెలియనిది కాదు. నిబంధనల సంఘంలో ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషి. తెలిసిన సంగతే అయినా, తనకు పనికిరాని చోట మరిచిపోవడం మనుషులకు ఉండే వెసులుబాటు.

"మరి ఏం చెయ్యమంటావు?"

"నేనేం చెయ్యమంటాను మేడమ్. మీ కషాయం తాగండి, చల్లారిపోతోంది."

ఆ రోజు ఆమె మిగతావాళ్ళతోపాటే చెయ్యెత్తి ప్రమాణం చేసింది. సాక్ష్యాలు విన్నాక చూద్దాం, అప్పటికి దారి ఏదో ఒకటి దొరక్కపోతుందా అనుకుంది. ప్రమాణం చేసి కిందికి దిగుతుంటే డొమింగ్ తన బల్ల దగ్గరనుంచి ఆమెవైపు చూసి తల పంకించాడు. విచారణ నడిచినన్నాళ్ళూ అంతే. న్యాయమూర్తులుగా కూర్చున్న సెనేటర్లతో నిందితుడు మాట్లాడకూడదన్నది నియమం. అతను మాట్లాడలేదు. కబురు పంపలేదు, ఎవరిచేతా చెప్పించలేదు. మిగతా సెనేటర్ల ఇళ్ళకు అతని మనుషులు తిరుగుతున్నారని పుకార్లు వినిపించాయి గాని ఆమె గడప ఎవరూ తొక్కలేదు. తన ఇబ్బంది తెలిసిన మనిషి కాబట్టి అడగడం లేదని ఆమె లోలోపల అతనికి దణ్ణం పెట్టుకుంది.

విచారణ ఎలా సాగిందో చెప్పాలంటే, తడిబట్ట పిండుతూనే ఉంటే ఇంకా చుక్కలు కారుతూనే ఉన్నట్టు సాగింది. ఒక కాగితానికి సాక్ష్యంగా గుర్తు వెయ్యాలా వద్దా అని ఇరుపక్షాల లాయర్లు పూటంతా వాదించుకునేవారు. సాయంత్రం అయ్యేసరికి, మరునాడు వాదిద్దాం అని ఒప్పుకునేవారు. విరామంలో నూడుల్స్ వచ్చేవి. అరటాకులో చుట్టిన బంకబియ్యం ముద్దలు వచ్చేవి. తిని వచ్చాక సగం సభ కళ్ళు మూతలు పడేవి. పక్క కుర్చీ ముసలాయన లకాంబ్రా మాత్రం ఏదీ దాచుకునే రకం కాదు. "ఫెలీ, నా పేరు పిలిస్తే మోచేత్తో పొడువు" అని చెప్పి మరీ నిద్రపోయేవాడు.

ఒక్క రోజు మాత్రం ఎవరికీ నిద్ర రాలేదు. రెండో అభియోగంమీద సాక్షిగా సబెల్ అనే చేపలమ్మే ఆవిడ వచ్చింది. రెండో అభియోగం ఇళ్ళది. తుఫానులో కొట్టుకుపోయిన తీరమంతా కొత్త ఇళ్ళు కట్టేశాం, జనం కాపురాలుంటున్నారు అని డొమింగ్ సంతకం పెట్టాడు. సబెల్‌ది ఆ తీరమే. అది ఫెలిసిడాద్ పుట్టిన తీరం కూడా. ఆమె మొదటి ఎన్నికల్లో ఓట్లడుగుతూ ఇసుకలో చెప్పులు చేత్తో పట్టుకు నడిచిన ఊళ్ళు అవి.

"మీకు ఇల్లు అప్పగించారా లేదా? అవును, లేదు, రెంటిలో ఒకటి చెప్పండి" అన్నాడు అభియోగాల తరఫు లాయరు.

"నాలుగు స్తంభాలు అప్పగించారయ్యా" అంది సబెల్.

"అభ్యంతరం" అంటూ డొమింగ్ లాయరు లేచాడు. "అడిగినదానికి అది జవాబు కాదు."

"నిజమే కదయ్యా. సిమెంటు స్తంభాలు నాలుగూ నిలబెట్టి ఫొటో తీసుకుపోయారు. వాటికి తాడు కట్టి బట్టలు ఆరేసుకుంటున్నాం. మా ఆయన అంటాడు, వాన మాత్రం ఇంట్లోనే కురుస్తోందే అని..."

"అభ్యంతరం. మొగుడు అన్న మాట సాక్ష్యం కాదు."

సభాధ్యక్షుడు సల్దివార్ కళ్ళద్దాలు తీసి ముక్కు నొక్కుకున్నాడు. లాయరు చెప్పింది నిబంధనే. "రికార్డులోంచి తీసెయ్యండి" అన్నాడు. సబెల్ ఆయనవైపు, లాయరువైపు మార్చి మార్చి చూసింది. "ఏం తీసేస్తారయ్యా?" అని అడిగింది. లాయరు తరువాతి ప్రశ్న వేశాడు. ఆ తరువాత ఆమె 'అవును', 'లేదు' అని మాత్రమే అంది.

సాక్షిని ప్రశ్నించడానికి ప్రతి న్యాయమూర్తికీ రెండేసి నిమిషాలు ఉంటాయి. బల్లమీద మీట నొక్కితే చాలు, దీపం వెలిగి అవకాశం వస్తుంది. ఫెలిసిడాద్ వేలు ఆ మీట మీదే ఉంది. తన ఊరి మనిషిని పిలిచి, తాపీగా చెప్పమ్మా, ఏం జరిగింది అని అడిగితే చాలు. అడిగితే కుంపారెమీద కక్షకట్టింది అంటారు, అడక్కపోతే ఊరిని మరిచింది అంటారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చివరికి వేలు తీసేసింది. సబెల్ దిగి వెళ్ళేటప్పుడు ఆమెను గుర్తుపట్టి వంగి పలకరించింది. 

ఓటింగు రోజు రానే వచ్చింది. పొద్దున్నే ఊరినుంచి విమానంలో నోనోయ్ దిగాడు. అక్కడ నావికుల కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషి, పిలవనిదే మనీలా రాడు, ఈసారి పిలవకుండానే వచ్చాడు. తల్లి కార్యాలయంలో ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. కొడుకు చేప ముల్లు తీస్తూనే ఉన్నాడు గాని ఒక్క ముక్కా నోట్లో పెట్టుకోవడం లేదు.

"అమ్మా, ఇప్పటికైనా తప్పుకోరాదా?"

"తప్పుకుంటే ఏమవుతుందో తెలుసా నీకు?"

"తెలుసు. అందుకే అంటున్నా."

ఆమె తలెత్తి చూసింది. కొడుకు మొహం ఎర్రబడింది, అయినా ఆగలేదు.

"జనం ఏమనుకుంటారు? చుట్టరికం ఉంది కాబట్టి పెద్దమనిషి తరహాగా పక్కకు జరిగింది అనుకుంటారు. నిన్నెవరూ వేలెత్తి చూపరు. నా జ్ఞానతండ్రి, నినోంగ్, బయటపడతాడు. నీ చేతికి మట్టంటదు."

"అంటదు. ఎందుకంటే ఆ మట్టంతా తీసుకెళ్ళి ఆ తీరంవాళ్ళ నెత్తిన పోస్తాం."

"నాన్నను ఇంటికి ఎవరు తెచ్చారమ్మా? ఆ రోజు ఆయన లేకపోతే మనకు మొహం చూసుకోవడానికైనా దొరికేదా? తిన్నింటి వాసాలు లెక్కపెడతారా ఎవరైనా?"

"సబెల్‌కి లెక్కపెట్టుకుందామన్నా వాసాల్లేవురా."

నోనోయ్ కంచం పక్కకు జరిపాడు.  ఆమే మళ్ళీ అడిగింది.

"ఇది నీ మాటేనా, డొమింగ్ పంపాడా?"

"ఛ, నినోంగ్ ఏమీ అనలేదు. నేనే ఫోన్ చేసి అమ్మతో మాట్లాడనా అని అడిగితే వద్దన్నాడు. మీ అమ్మకు ఎవరూ ఏం చెప్పక్కర్లేదు, ఆవిడ సంగతి నాకు తెలుసు అన్నాడు."

ఆ మాటకు ఆమె కళ్ళు చెమర్చాయి. ఇంత జరుగుతున్నా నన్ను ఇరకాటాన పెట్టకూడదనుకున్నాడే అని మనసు కరిగింది. చెయ్యి కడుక్కుని గౌను తొడుక్కుంటుంటే ఆ గౌను నిన్నటికన్నా బరువనిపించింది. నోనోయ్ వెనకాల గుండీ పెట్టాడు. తరువాత గ్యాలరీలోకి వెళ్ళి కూర్చున్నాడు.

సభ నిండిపోయింది. సల్దివార్ నిబంధన చదివాడు. ఒక్కో అభియోగంమీద విడివిడిగా ఓటింగు. గుమాస్తా అక్షర క్రమంలో పేర్లు పిలుస్తాడు. పిలిచిన న్యాయమూర్తి తన చోట లేచి నిలబడి దోషి అనో, దోషి కాదు అనో చెప్పాలి, కావాలనుకుంటే రెండు నిమిషాలు కారణం చెప్పుకోవచ్చు. తేల్చుకోలేనివాళ్ళు ఒక్కసారికి 'తరువాత' అనవచ్చు. అందరూ అయ్యాక వాళ్ళ పేరు మళ్ళీ పిలుస్తారు. రెండో పిలుపుకు మాత్రం 'తరువాత' చెల్లదు.

మొదటి అభియోగం ఆస్తులు దాచడం. ఉన్న ఇళ్ళూ పొలాలూ ఏటా ఇచ్చే ప్రకటనలో చూపించలేదని. మరిచిపోయాను అని డొమింగే బోనులో ఒప్పుకున్నాడు. రుజువు గురించి ఎవరికీ తగాదా లేదు. తగాదా ఉన్నది ఎవరు ఎవరికి చుట్టం, ఎవరు ఎవరి పార్టీ అన్న దానిలోనే.

పేర్లు మొదలయ్యాయి. దోషి. దోషి కాదు. దోషి. ఒకాయన కారణం చెబుతానని లేచి తన తాతగారి నిజాయితీ గురించి చెప్పాడు. ఒకావిడ బైబిలు తీసింది. ఫెలిసిడాద్ వేళ్ళు బల్ల కింద లెక్కపెడుతున్నాయి. లెక్క ఎటు పోతోందో తెలియడం లేదు. ఆమెకు చిన్న ఆశ పుట్టింది. తన వంతు వచ్చేలోగా కాకపోయినా, తన తరువాతివాళ్ళతోనైనా పదహారు నిండిపోవచ్చు. లేదా ఎంతకీ నిండదని తేలిపోవచ్చు. ఎటు తేలినా తన మాటకు పనుండదు. అప్పుడు ఏది అన్నా ఒకటే.

లకాంబ్రా పేరు పిలిచారు. ఆమె మోచేత్తో పొడిచింది.

"దోషి కాదు" అన్నాడు ఆయన లేచి. "కారణం ఏమంటే, మా పార్టీ నన్ను అడిగింది, నేను కాదనలేకపోయాను." గ్యాలరీ నవ్వింది. కూర్చుంటూ ఆమె చెవిలో అన్నాడు, "నిజం చెబితే నవ్వుతారేంటి ఫెలీ?"

"సెనేటర్ మగ్బానువా."

ఆమె లేచింది. బల్ల అంచు పట్టుకోవాల్సి వచ్చింది.

"తరువాత" అంది.

గ్యాలరీలో గుసగుసలు లేచాయి. "గోడమీద పిల్లి" అన్నారెవరో, వినబడేలాగే. ఆమె పట్టించుకోలేదు. ఆమె చూపు డొమింగ్ మీద పడింది. అతను కళ్ళు మూసుకుని గుండెలనిండా ఊపిరి పీల్చి వదిలాడు. తరువాత కుడిచెయ్యి గుండెమీద పెట్టుకుని ఆమెవైపు తల వంచాడు. పక్కనున్న లాయరు చిరునవ్వుతో అతని భుజం తట్టాడు.

ఫెలిసిడాద్‌కు ముందు అర్థం కాలేదు. కూర్చున్నాక అర్థమైంది. దోషి అనలేదు కాబట్టి ఇక అనదని లెక్కేసుకుని అతను కృతజ్ఞత చెబుతున్నాడు. తాను ఇంకా ఏమీ ఇవ్వలేదు. అతనికి మాత్రం అందేసింది. ఇన్నాళ్ళూ అడగలేదంటే తన ఇబ్బంది తెలిసి కాదు. అడగాల్సిన పని లేదని. అందరి గడపా తొక్కి తన గడప వదిలేశాడంటే అది గౌరవం కాదు, తన ఓటు ఎప్పుడో అతను పెట్టెలో వేసుకుని తాళం పెట్టేసుకున్నాడని. పడవమీద శవం తెచ్చిన రోజునే వేసుకున్నాడా? ఆ రోజు అతను ఏడ్చిన ఏడుపు నిజమే. అది ఆమె ఇప్పటికీ నమ్ముతుంది. నిజమైన ఏడుపును కూడా మనిషి తరువాత ఎప్పుడో వాడుకోగలడని ఇన్నేళ్ళ రాజకీయాల్లో ఉండి ఆమెకు తట్టలేదు. భోజనాల దగ్గర తాను కార్చబోయిన కన్నీళ్ళు గుర్తొచ్చి సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది గాని అది నిలవలేదు. కోపానికి ఓపిక కావాలి.

పేర్లు చివరికి వచ్చాయి. సల్దివార్ తన ఓటు తాను చెప్పాడు. ఆ తరువాత ఇద్దరు, ముగ్గురు. గుమాస్తా కాగితం చూసుకుని గొంతు సవరించుకున్నాడు.

"దోషి అన్నవారు పదిహేనుమంది. కాదన్నవారు ఎనిమిదిమంది. ఒకరు మిగిలారు."

 'తరువాత' అని తప్పించుకుందామనుకున్నది, ఇరవై నాలుగు ఓట్లలో ఒక ఓటుగా గుంపులో కలిసిపోవాల్సింది, ఇప్పుడు మొత్తం తీర్పు తెచ్చి తన ఒక్కదాని ఒళ్ళో పెట్టుకుంది. ముందే చెప్పి ఉంటే ఎవరి కంటా పడేది కాదు. లకాంబ్రాకు నిద్ర పూర్తిగా వదిలిపోయింది.

"అయ్యో ఫెలీ" అన్నాడు మెల్లిగా. ఈసారి వేళాకోళం లేదు.

"సెనేటర్ మగ్బానువా. రెండో పిలుపు."

లేచింది. డొమింగ్ ఆమెనే చూస్తున్నాడు. అతని మొహంలో భయం లేదు, అదే ఆమెకు కష్టమనిపించింది.

"దోషి."

గ్యాలరీ ఒక్కసారి లేచింది. సల్దివార్ చెక్కసుత్తి బల్లకేసి కొట్టాడు, కొట్టాడు. డొమింగ్ చెయ్యి గుండెమీదనుంచి ఎప్పుడు జారిందో ఆమె చూడలేదు. ఆమె కూర్చుంది. అయిపోయింది అనుకుంది. ఇక ఇంటికి పోయి తలుపేసుకుని పడుకోవచ్చు.

అధికార పక్షం నాయకుడు లేచాడు. అతని గొంతు కూడా నీరసంగానే ఉంది.

"అధ్యక్షా, ఒక్క అభియోగంమీద తేలితే పదవి పోయినట్టే. మిగతా ఆరింటిమీద ఓటింగు పెట్టినా ఫలితం మారదు. సభ్యులందరూ అలిసిపోయారు. మిగతావి వదిలేద్దామని ప్రతిపాదిస్తున్నాను."

సభంతా తలలూపింది. డొమింగ్ లాయర్లు కూడా ఊపారు, అందరికన్నా ముందు ఊపారు. సల్దివార్ సుత్తి ఎత్తాడు. "ఎవరికైనా అభ్యంతరం ఉందా? ఏ ఒక్కరికి ఉన్నా ఓటింగు జరగాల్సిందే."

ఫెలిసిడాద్‌కు ఆ లాయర్ల తలకాయలు కనిపించాయి. రేపు వాళ్ళేం చెబుతారో కూడా వినిపించింది. పెద్ద తప్పేముంది, కాగితంలో రెండు పొలాలు రాయడం మరిచాడు, అంతేగా, పాపం సొంత కుమారె కూడా నిలబడలేదు. ఇళ్ళ సంగతి అడిగిన నాథుడుండడు. అడిగితే, దానిమీద దోషి అని ఎవరన్నారు అంటారు. సబెల్ మాట రికార్డులోంచి తీసేశారు. ఇప్పుడు సబెల్ ఇంటి అభియోగాన్నే తీసేస్తున్నారు. తీసేస్తున్నది అలసట. ఆ సభలో తనకన్నా అలిసినవాళ్ళు ఎవరూ లేరు.

"అభ్యంతరం" అంది.

లకాంబ్రా ఆమె గౌను చెంగు పట్టుకుని లాగాడు. "ఇంటికి పోదామే తల్లీ. అయిపోయిందిగా."

"అభ్యంతరం ఉంది అధ్యక్షా. రెండోది చదివించండి."

సల్దివార్ సుత్తి దించి పక్కన పెట్టాడు. కొందరు కుర్చీల్లో వెనక్కి వాలి గట్టిగానే నిట్టూర్చారు. గుమాస్తా రెండో అభియోగం చదివాడు. మళ్ళీ పేర్లు మొదలయ్యాయి. ఈసారి ఎవరూ తాతల గురించి చెప్పలేదు. లకాంబ్రా వంతు వచ్చింది. ఆయన లేచి, పార్టీ పేరెత్తకుండా, దోషి కాదు అని తలవంచుకుని కూర్చున్నాడు.

"సెనేటర్ మగ్బానువా."

"నా రెండు నిమిషాలూ కావాలి" అంది ఆమె. గ్యాలరీలో నోనోయ్ ఎక్కడ కూర్చున్నాడో ఆమెకు తెలుసు. అటు చూడలేదు. డొమింగ్‌నే చూసింది.

"ఆ బల్ల దగ్గరున్నాయన నా కొడుకుకి జ్ఞానతండ్రి. నా భర్త చనిపోతే ఎవరూ దిగని సముద్రంలో తనే పడవ నడిపి ఇంటికి తెచ్చాడు. పెట్టెకు భుజం ఇచ్చాడు. ఆ మేలు నేను తీర్చుకోలేదు, ఇకమీదట తీర్చుకోలేను కూడా. మొదటి రోజే ఇక్కడ నిలబడి ఈ ముక్క చెప్పి ఉండాల్సింది. మర్యాదని నోరు మూసుకున్నాను, మొహమాటమని సాక్షిని ఒక్క ప్రశ్నా అడగలేదు. ఆ తీరంలో ఇళ్ళు లేవు. ఎన్నికలకు వెళ్ళినప్పుడు నేనూ చూశాను, చూసి కారెక్కాను. అవన్నీ రాసుకోండి, రికార్డులోంచి ఏదీ తియ్యకండి. రెండో అభియోగంమీద నా కుంపారె దోషి."

డొమింగ్ మొహం తిప్పుకున్నాడు. తన ఎదురుగా ఉన్న నీళ్ళ గ్లాసు అందుకోబోయి, అందుకోకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అతని భుజాలు ఉన్నట్టుండి ముసలివాడి భుజాల్లా కిందికి జారాయి. ఫెలిసిడాద్‌కు లేచి వెళ్ళి అతని పక్కన కూర్చోవాలనిపించింది. అది నిజంగా అనిపించింది, సభలో ఎవరికి చెప్పినా నమ్మరు.

"మీకింకా సమయం ఉంది సెనేటర్" అన్నాడు సల్దివార్.

"వద్దండీ."

గుమాస్తా తరువాతి పేరు పిలిచాడు. ఇళ్ళ అభియోగానికీ పదహారు వచ్చాయి. మూడోది చదివారు. ప్రతిదానికీ ఆమె పేరు వచ్చింది, ప్రతిసారీ బల్ల అంచు పట్టుకుని లేచింది. నాలుగోదానికి గ్యాలరీలో నోనోయ్ లేచి బయటికి వెళ్ళడం కనిపించింది. ఆరోదానికి ఆమె గొంతు పూర్తిగా పోయింది. ఏమన్నదో గుమాస్తాకు వినపడలేదు.

"క్షమించాలి సెనేటర్, మళ్ళీ ఒక్కసారి చెబుతారా?"

ఆమె మళ్ళీ చెప్పింది.